సైడ్ షేవా, మల్లెటా, వుల్ఫ్ కట్టా? నడుం దాకా జుట్టున్నవాళ్లు మొదట ఏది చేయించుకోవాలి

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. వయసు 26, హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం, నడుం దాకా ఒత్తైన జుట్టు. సహజంగా వేవీ జుట్టే కానీ పోయినేడాది స్ట్రెయిటెనింగ్ చేయించారు. ఇప్పుడు ఒక పక్క మెషిన్ పెట్టించి సైడ్ షేవ్ చేయించుకోవాలా, మల్లెటో (ముందు పొట్టి, వెనక పొడుగు) వుల్ఫ్ కట్టో (పైన ఒత్తుగా, కింద పలచగా ఉండే లేయర్లు) చేయించుకోవాలా తేలడం లేదు. ఆరు నెలల్లో, ఫిబ్రవరిలో, అక్క పెళ్లి. గుంటూరులో అమ్మ ససేమిరా అంటున్నారు. వెళ్లిన రెండు సెలూన్లలోనూ "ఇంట్లో అడిగారా అమ్మా" అని పంపేశారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడు మెడ వెనక అండర్‌కట్, అంటే పైజుట్టు కింద దాగే భాగాన్ని మెషిన్‌తో పొట్టిగా తీయడం, చేయించుకోండి, పైజుట్టుకి కత్తెరతో పొడవాటి లేయర్లు వేయించుకోండి. సైడ్ షేవ్ పెళ్లి అయ్యాక. మల్లెట్, వుల్ఫ్ కట్ ఇంకో ఏడాది ఆగాక. మీకు ధైర్యం లేదని కాదు. ఇలాంటి కట్‌లన్నీ చేయించుకున్న రోజు బాగానే ఉంటాయి, ఫోటోలు కూడా ఆ రోజువే మనకి కనపడతాయి. ఆ కట్ మూడో నెలలో ఎలా ఉంటుందో ఎవరూ ఫోటో పెట్టరు, మీరు ఎంచుకోవాల్సింది మాత్రం ఆ మూడో నెలని చూసే.

మాది కత్తెర పట్టిన ఇల్లు. నాన్నకి తెనాలిలో షాపు ఉండేది, నేను అక్కడే నేర్చుకుని తర్వాత హైదరాబాద్ వచ్చి యూనిసెక్స్ సెలూన్‌లో పనిచేస్తున్నాను. కాబట్టి మెషిన్ పనీ తెలుసు, పొడుగు జుట్టు పనీ తెలుసు. ఈ రెండూ ఒకే చేతికి రావడం మన దగ్గర తక్కువ, ఆ సంగతి కింద చెప్తాను.

లెక్క చూడండి. తలమీద జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు నుంచి ఒకటింపావు దాకా పెరుగుతుంది. ఏ నూనె రాసినా ఏ మాత్ర మింగినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ వేగం పెద్దగా మారదు. అంటే కణత దగ్గర మెషిన్ కొట్టించుకున్న జుట్టు గడ్డం దాకా రావాలంటే, అది ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, ఏడాదిన్నర. నడుం దాకా రావాలంటే నాలుగైదేళ్లు. మీ పొడవాటి జుట్టు పక్కన ఈ పొట్టి జుట్టు ఆ ఏడాదిన్నరా సహవాసం చేయాలి. అందులో కష్టమైన దశ రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల మధ్య. ఒత్తైన జుట్టు ఆ పొడవులో పడుకోదు, కోత అయ్యాక మిగిలిన వరి కొయ్యకాళ్లలా నిటారుగా నిలబడుతుంది. జెల్ పెడితే మధ్యాహ్నం దాకా ఆగుతుంది, మీరు బండి మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లయితే హెల్మెట్ తీసేసరికే లేచి కూర్చుంటుంది.

మెడ వెనక అయితే అదే దశ పైజుట్టు కింద దాక్కుంటుంది. అందుకే మొదటిసారి వాళ్లకి నేను ఎప్పుడూ అక్కడే మొదలుపెట్టమంటాను. జుట్టు వదిలేస్తే ఎవరికీ తెలియదు, ముడి వేస్తే కనపడుతుంది, కనపడాలా వద్దా అన్నది రోజూ మీ చేతిలో ఉంటుంది. మీ అంత ఒత్తు జుట్టున్నవాళ్లకి ఇంకో సుఖం కూడా ఉంది, మే నెలలో మెడ దగ్గర ఆ వేడి సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. స్టైల్ కోసం చేయించుకుని, ఈ ఒక్క కారణానికే మానకుండా కొనసాగిస్తున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు.

కత్తెర పట్టేముందు మీ తల మీరు చూసుకోండి. ఇది సెలూన్‌లో ఎవరూ చేయరు. మన ఇళ్లలో అందరికీ పుట్టు వెంట్రుకలు తీయించినప్పటి ఫోటో ఒకటి ఉంటుంది, తర్వాత తిరుపతిలో గుండు కొట్టించుకున్న ఫోటో ఉంటే ఇంకా మంచిది. అది తీసి చూడండి. పక్కల తల ఆకారం ఎలా ఉంది, చెవులు ఎంత బయటికి ఉన్నాయి, చిన్నప్పుడు పడి కుట్లు వేయించుకున్న మచ్చలేమైనా ఉన్నాయా. మచ్చ మీద జుట్టు ఉండదు, మెషిన్ పెట్టాక అది తెల్లగా గీతలా కనపడుతుంది. కొందరికి అదే నచ్చుతుంది, కానీ కుర్చీలో కూర్చున్నాక తెలియడం వేరు, ముందే తెలియడం వేరు. పాత ఫోటో లేకపోతే పక్క జుట్టు తడిపి, జెల్ రాసి, వెనక్కి గట్టిగా దువ్వి పిన్నులు పెట్టి ఒక పూట ఇంట్లో అలాగే తిరగండి, ఫోటో తీసుకోండి. కుడి పక్క, ఎడమ పక్క రెండూ. మొహం రెండు పక్కలా ఒకేలా ఉండదు.

తర్వాత సుడి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అని ముసలివాళ్లు అంటారు కదా, పెళ్లిళ్ల సంగతి నాకు తెలియదు గానీ రెండు సుడులున్న నడినెత్తిన పొట్టి జుట్టు మాట వినదు, అది మాత్రం ఖాయం. మీ సుడి ఎక్కడుంది, ఎటు తిరుగుతోంది చూడండి. మెడ దగ్గర కూడా కొందరికి జుట్టు కిందికి కాకుండా పక్కకో పైకో పెరుగుతుంది. అలాంటి మెడ మీద కత్తెరతో వదిలిన రెండు అంగుళాల జుట్టు రెక్కలు విప్పుకుంటుంది, కాబట్టి అక్కడ మెషిన్‌తో బాగా పొట్టిగా తీయించడమో, బాగా పొడుగు వదిలేయడమో చేయాలి, మధ్యలో ఆగకూడదు.

స్ట్రెయిటెనింగ్ చేయించానని మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది అదే. ఆ మందు పట్టిన జుట్టు ఇక తిన్నగానే ఉంటుంది, కొత్తగా వచ్చేది మాత్రం మీ అసలు జుట్టు, వేవీగానే వస్తుంది. ఏడాదికి పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు ఇప్పటికే కుదుళ్ల దగ్గర వేవీగా ఉండాలి, చూసుకోండి. ఇప్పుడు ఒక పక్క గొరిగించి మళ్లీ పెంచుకుంటే ఆ పక్క పూర్తిగా వేవీ, ఇటు పక్క పైన వేవీ కింద తిన్నన. పాపిడి మార్చి కప్పేద్దామన్నా రెండు రకాల జుట్టు కలవదు. అప్పుడు మళ్లీ స్ట్రెయిటెనింగ్‌కి పరిగెత్తుతారు. అది కాకుండా, ఆ తిన్నటి చివర్లని కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ వస్తే ఏడాదిలో మీ అసలు జుట్టు మీద మంచి షాగ్ గానీ వుల్ఫ్ కట్ గానీ కూర్చుంటుంది. ఈ రెండూ పుట్టిందే జుట్టులో కాస్త వంకర ఉన్నవాళ్ల కోసం అన్నట్టుంటాయి.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటి తీర్చేస్తాను. షాగ్ అంటే తలంతా పై నుంచి లేయర్లు, ముందు ముంగురులు, ఎక్కడా గీత కనపడదు. మల్లెట్ అంటే ముందూ పక్కలా పొట్టి, వెనక పొడుగు, ఆ తేడా కావాలనే కనపడేలా ఉంచుతారు. వుల్ఫ్ కట్ ఈ రెంటికీ మధ్యలోది, పైన ఒత్తుగా లేచి కింద పలచబడుతుంది. షాగ్, మల్లెట్ రీల్స్‌తో పుట్టినవి కావు, పాటగాడు డేవిడ్ బోవీ 1972లోనే ఆ ఎర్ర మల్లెట్‌తో స్టేజి ఎక్కాడు. తిన్నటి జుట్టు మీద మల్లెట్ గీతలు గీసినట్టు పదునుగా కనపడుతుంది, వేవీ జుట్టు మీద అదే కట్ మెత్తబడి షాగ్‌లా మారిపోతుంది. మీ జుట్టు ఇప్పుడు సగం అది సగం ఇది కాబట్టే ఏడాది ఆగమన్నాను.

లేయర్లు ఒకే రోజు వేయించుకోకండి. మొదటి సిట్టింగ్‌లో నడుం నుంచి జబ్బల కిందికి, అతి పొట్టి లేయరు గడ్డం దగ్గర ఆగాలి. ఆరు వారాల తర్వాత ఇంకా కావాలనిపిస్తే బుగ్గ ఎముక దాకా పైకి వెళ్లొచ్చు. తీసిన జుట్టు పారేయనివ్వకండి, విగ్గుల కోసం దానం ఇవ్వాలనుకుంటే చాలా చోట్ల కనీసం 12 అంగుళాలు అడుగుతారు, కత్తిరించే ముందే రెండు చివర్లా రబ్బరు బ్యాండు వేయించండి.

ముంగురుల విషయంలో ఒక్క జాగ్రత్త. తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక ముడుచుకుంటుంది. వేవీ జుట్టుని తడి మీద కనుబొమల దగ్గర కత్తిరిస్తే ఆరేసరికి నుదుటి మధ్యకి వచ్చి కూర్చుంటుంది. తడి మీద అయితే ముక్కు చివర దాకా వదలమనండి, అసలు పొడవు ఆరాక పొడి జుట్టు మీద సరిచేయించుకోండి. మీకు ముందు జుట్టు ఇప్పుడు తిన్నగానే ఉంది కదా, ముడుచుకోదు కదా అనుకుంటారు. ముంగురుల పొడవుకి కత్తిరిస్తే అక్కడ మిగిలేది కుదుళ్ల దగ్గరి వేవీ జుట్టే.

సెలూన్‌లో పేరు చెప్పకండి, వేలితో చూపించండి. "అండర్‌కట్" అంటే ఒకడికి మెడ దగ్గర రెండు అంగుళాలు, ఇంకొకడికి చెవుల పైదాకా చుట్టూ గుండు. మీరు చెప్పాల్సింది మూడే మాటలు, ఎక్కడి నుంచి, ఎక్కడి దాకా, ఎన్నో నంబరు. మెషిన్‌కి తగిలించే గార్డుల్లో వన్ అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, టూ అంటే 6, త్రీ 10, ఫోర్ 13. గార్డు లేకుండా బ్లేడు ఒక్కటే పెడితే జీరో, చర్మం కనపడుతుంది. మీరు ఫోర్‌తో మొదలుపెట్టించండి, అద్దంలో చూసుకుని త్రీ, తర్వాత టూ. తగ్గించుకుంటూ రావచ్చు, పెంచలేరు. మొదటిసారి టూ దగ్గర ఆగిపోవడం మంచిది, 6 మిల్లీమీటర్లలో నల్లగా మఖ్మల్‌లా ఉంటుంది, జీరోలో మనలాంటి చామనఛాయ వాళ్లకి ఎండ తగలని తలచర్మం పాలిపోయి వేరే రంగులో కనపడి కొన్నాళ్లు అతుకు వేసినట్టు ఉంటుంది.

ఎత్తు విషయానికొస్తే, తల వెనక చేత్తో తడిమితే ఒక బొడిపె ఎముక తగులుతుంది. గీత దాని కిందే ఉండాలి. దాని పైకి వెళ్తే జడ సన్నబడుతుంది, పైజుట్టు గాలికి కదిలినా లోపలిది బయటపడుతుంది. ఇంకో చిన్న కిటుకు, చెవుల వెనక అంచున ఒక వేలెడు వెడల్పు జుట్టు తీయకుండా వదిలేయమనండి. జడ వేసుకున్న రోజు ఆ జుట్టే వెనక్కి లాగితే పక్క నుంచి చూసేవాళ్లకి అండర్‌కట్ ఉన్నట్టే తెలియదు.

ఫోటోలు తీసుకెళ్లండి, నచ్చినవి రెండు చాలు, కానీ నచ్చని ఫోటో ఒకటి తప్పకుండా తీసుకెళ్లండి. "ఇలా మాత్రం వద్దు" అన్నది మీకు నచ్చిన ఫోటోలకంటే మాకు ఎక్కువ చెప్తుంది. ఫోటోలో మనిషి జుట్టు మీ జుట్టులాంటిదై ఉండాలి. కొరియన్ అమ్మాయి పలచటి తిన్నటి జుట్టు మీద వుల్ఫ్ కట్ చూపించి మీ జుట్టు మీద చేయమంటే ఆ కట్టే వస్తుంది గానీ ఆ ఆకారం రాదు.

రేజరుతో లేయర్లు వేస్తామంటే వద్దనండి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బోరు నీళ్లే, జుట్టు ముందే గరుకెక్కి ఉంటుంది, పైగా మీది మందు పట్టిన జుట్టు. రేజరు దాని చివర్లని చీల్చేస్తుంది, వారం తర్వాత చింపిరిగా కనపడుతుంది. కత్తెరే చాలు. అలాగే ఒత్తు తగ్గిస్తామని పళ్ల కత్తెర కుదుళ్ల దగ్గర పెట్టనివ్వకండి, రెండో నెలలో ఆ పొట్టి వెంట్రుకలన్నీ పైజుట్టుని తోసుకుని బయటికొస్తాయి.

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది. లేడీస్ పార్లర్లలో పొడుగు జుట్టు చేయి మంచిగా ఉంటుంది, మెషిన్ చేయి చాలా చోట్ల ఉండదు, ఫేడ్ (కింద పొట్టిగా మొదలై పైకి క్రమంగా పొడుగయ్యేది) అడిగితే మెట్లు మెట్లుగా వస్తుంది. మగవాళ్ల షాపులో మెషిన్ బ్రహ్మాండంగా పడుతుంది, లేయర్లు మాత్రం వద్దు. రెండు పనులూ తెలిసినవాళ్లు దొరకకపోతే రెండు చోట్ల చేయించుకోండి, ముందు లేయర్లు, తర్వాత మెషిన్. అందులో తప్పేం లేదు. ఫోన్ చేసి "మెడ వెనక అండర్‌కట్, రెండో నంబరు, ఆడవాళ్లకి చేసినవాళ్లు ఉన్నారా" అని అడిగి, ఉన్నారంటేనే వెళ్లండి. శని ఆదివారాలు వద్దు, హడావిడిలో మీ మాట ఎవరూ వినరు. మంగళవారం పేటలోని షాపులు చాలావరకు మూసేస్తారు, తెరిచి ఉండే పెద్ద సెలూన్లలో కూడా ఆ రోజు జనం పలచగా ఉంటారు. మీకు పట్టింపు లేకపోతే అంతకంటే మంచి రోజు లేదు.

"ఇంట్లో అడిగారా" అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. మీకు 26 ఏళ్లు, ఆ ప్రశ్న అడగడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం తండ్రో అన్నో షాపుకొచ్చి గొడవ పెట్టుకున్న రోజులు ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ ఉంటాయి. "నాకు ఉద్యోగం ఉంది, నేనే నిర్ణయించుకున్నాను, రెండు వారాలు ఆలోచించే వచ్చాను" అని నిదానంగా చెప్తే చాలామంది మెత్తబడతారు. అప్పటికీ నసిగితే వేరే షాపు చూసుకోవడమే మంచిది, భయపడుతున్న చేత్తో మెషిన్ పట్టించుకోకూడదు.

శుభ్రత గురించి మొహమాటం లేకుండా అడగండి. మెషిన్ బ్లేడు తుడిచి స్ప్రే కొట్టాకే మీ మెడ మీద పెట్టాలి, తామర ఒకరి నుంచి ఒకరికి అలాగే పాకుతుంది. గీత సరిచేయడానికి కత్తి వాడితే కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పాలి. తలలో పుండ్లు గానీ చుండ్రు పొలుసులు గానీ బాగా ఉంటే ముందు అది తగ్గించుకుని రండి.

నిర్వహణ ఖర్చు మర్చిపోకండి. టూ నంబరు నెలకే డబుల్ దాటి పెరుగుతుంది, కాబట్టి మూడు వారాలకోసారి మెషిన్ పడాలి. ఇంట్లో ట్రిమ్మర్ ఉంటే అక్కో స్నేహితురాలో చేయొచ్చు, గార్డు తీయకుండా, కింద నుంచి పైకి. గీత దగ్గరికి మాత్రం వెళ్లొద్దనండి, ప్రతిసారీ అర వేలు పైకి జరిగి, సంక్రాంతికల్లా అండర్‌కట్ నడినెత్తికి చేరుతుంది.

నా దగ్గరికొచ్చే ఒక కూచిపూడి అమ్మాయి సంగతి మీకు పనికొస్తుంది. ప్రోగ్రాములకి సవరం పెట్టి జడ వేయాలి, అండర్‌కట్ ఉంటే ఎలా అని భయపడింది. సవరం పట్టుకునేది పైజుట్టుతో వేసిన ముడికే, మెడ జుట్టుకి కాదు. ఆమె ఇప్పటికీ ఆడుతోంది, అండర్‌కట్టూ ఉంది. అదే సైడ్ షేవ్ అయితే కుదిరేది కాదు, నాట్యానికి పాపిడి నడిమధ్యన తీసి సూర్యుడు చంద్రుడు పెట్టాలి కదా, ఒక పక్క ఖాళీగా కనపడుతుంది. మీ అక్క పెళ్లిలో మీరు పాపిడి బిళ్ల పెట్టుకోవాలనుకుంటే అదే ఇబ్బంది మీకూ.

మల్లెట్ మీద అంత మనసుంటే ఇంకో దారి ఉంది, చాలామంది ఆలోచించరు. తిరుమలలో మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చిన ఒకామె మళ్లీ పెంచుకునే దారిలోనే అన్ని కట్‌లూ చూసేసింది. మూడో నెలలో మూడు సెంటీమీటర్లు దాటాక అంచులు సరిచేస్తే క్రాప్, ఎనిమిదో నెలకి పిక్సీ (చెవుల దగ్గర ఆగే పొట్టి కట్), ఏడాదికి పక్కలు మాత్రం కత్తిరిస్తూ వెనక వదిలేస్తే మల్లెట్ దానంతట అదే వచ్చింది. మందు పట్టిన జుట్టు పీడ కూడా ఒక్కసారిగా వదిలింది. మీరు గుండు కొట్టించుకోండి అనడం లేదు, మూడు కత్తెరలు ఇచ్చి వచ్చేవాళ్లే ఎక్కువ, అది మీ భక్తికి సంబంధించిన విషయం. ఎప్పుడైనా మొక్కు ఉంటే ఆ తర్వాతి ఏడాది వృథా చేసుకోకండి అంటున్నానంతే.

రంగు గురించి మీరు అడగలేదు, అయినా సెలూన్‌లో అంటగట్టాలని చూస్తారు కాబట్టి చెప్తున్నాను. నల్లటి జుట్టు మీద నీలమో ఊదానో కనపడాలంటే బ్లీచ్ తప్పదు, స్ట్రెయిటెనింగ్ అయిన జుట్టు మీద బ్లీచ్ పడితే తెగిపోయే ప్రమాదం ఎక్కువ. వద్దనండి.

అమ్మగారి విషయం. చేయించుకున్నాక వీడియో కాల్‌లో చూపించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ముందే చెప్పండి, అయితే పేరు చెప్పి కాదు, వెనక లోపల కొంచెం తీయిస్తున్నాను, జడకి అడ్డం రాదు, పెళ్లిలో పూలజడ వేయించుకుంటాను అని పనిలోకి దింపి చెప్పండి. వాదనకి దిగితే సాధన కట్ గుర్తుచేయండి, 1960లో హిందీ హీరోయిన్ సాధన వెడల్పు నుదురు కప్పుకోవడానికి ముంగురులు కత్తిరించుకుంటే తర్వాత దేశమంతా అదే కట్. మీ అమ్మమ్మ కాలం ఆడపిల్లలు కూడా ఇంట్లో తిట్లు తినే చేయించుకుని ఉంటారు.

ఇక పెళ్లి. ఈ నెలలో చేయించుకుంటే రెండు దారులు. నచ్చకపోతే వెంటనే పెంచడం మొదలుపెట్టండి, ఫిబ్రవరికి ఆరేడు సెంటీమీటర్లు వస్తుంది, పిన్నులతో జడలో కలిసిపోతుంది. నచ్చితే పెళ్లి దాకా మెషిన్ ఆపకండి, చివరిసారి ముహూర్తానికి వారం ముందు వేయించుకోండి. డిసెంబరులో "పెళ్లి వస్తోంది, కాస్త పెంచుదాం" అని మాత్రం ఆపొద్దు, సరిగ్గా ఆ కొయ్యకాళ్ల దశలో పీటల పక్కన నిలబడాల్సి వస్తుంది. పూలజడ వేసే ఆవిడకి ముందురోజే అండర్‌కట్ ఉందని చెప్పండి, జడ మొదలు అర అంగుళం పైనుంచి ఎత్తుకుంటుంది.